హీరో చనిపోకూడదట!

'ఇన్‌కార్' అనగానే మీకు ముందు గుర్తొచ్చేది హెలెన్ 'ముంగ్డా' డాన్సే కదూ? నాకూ అంతే! 1977లో వచ్చిన ఆ సినిమాలో వినోద్ ఖన్నా పోలీసు, అంజాద్ ఖాన్ కిడ్నాపరు. డబ్బున్నవాడి కొడుకనుకుని పనివాడి కొడుకుని ఎత్తుకుపోతారు. బలే పాయింటు పట్టారే అని ముచ్చటపడ్డాను.

"పాయింటు మనది కాదు గురూ, జపాన్‌ది" అన్నాడో మిత్రుడు. సరే, కురొసావా తీసిన 'హై అండ్ లో' (1963) చూశాను. తీరా చూస్తే అది జపాన్‌దీ కాదు! మూలం 'కింగ్స్ రాన్సమ్' అనే అమెరికన్ నవల. 1959లో రాసినాయన ఎడ్ మెక్‌బెయిన్.

ఆ పేరు పట్టుకుని అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ పుస్తకాలన్నీ కెలికాను. దొరికింది. అట్ట చిరిగింది, లోపల పేజీలు భద్రం. అంతవరకూ డిటెక్టివ్ అంటే నాకు మన కొమ్మూరి వారి యుగంధరే. ఒక్కడే వస్తాడు, అంతా తేల్చేస్తాడు. ఇక్కడ అలాంటివాడు లేడు. 87వ నంబరు పోలీస్‌స్టేషనే హీరో! ఒకడు ఫోన్లు చేస్తాడు, ఒకడు ఇంటింటికీ తిరుగుతాడు, ఇంకొకడు రిపోర్టు టైపు చేస్తూ కాఫీ తాగుతాడు. హంతకుడు ఆ చాకిరీలోనే దొరుకుతాడు.

వాళ్ళలో స్టీవ్ కరెల్లా అని ఒకడున్నాడు. భార్య టెడ్డీకి వినపడదు, మాట్లాడలేదు. వాళ్ళిద్దరూ ఒకచోట ఉన్న పేజీల్ని నేను రెండేసిసార్లు చదివాను. 1956లో సిరీస్ మొదలైంది. అదే ఏడాది వచ్చిన మూడో నవల్లో రచయిత కరెల్లాని చంపేయబోయాడు. పబ్లిషర్లు ఒప్పుకోలేదు. హీరో చస్తే ఎలాగయ్యా అన్నారు! (మన డిస్ట్రిబ్యూటర్లు గుర్తురావడం లేదూ?) కరెల్లా బతికాడు. 2005లో రచయిత పోయేదాకా, యాభైకి పైగా నవలల్లో బతికే ఉన్నాడు.

అసలు సంగతికొస్తాను. సినిమాలో షూ కంపెనీ పెద్దమనిషి తొషిరో మిఫునే. కొట్టుకుని, గింజుకుని, చివరికి డ్రైవర్ కొడుకు కోసం డబ్బు ఇచ్చేస్తాడు, ఆస్తి పోగొట్టుకుంటాడు. మనం చప్పట్లు కొడతాం. నవల్లో కింగ్ ఇవ్వనంటాడు! అయిదు లక్షల డాలర్లు. అవి పోతే కంపెనీ తన చేతికి రాదు. డ్రైవర్ బతిమాలినా, భార్య ఛీ కొట్టినా ససేమిరా అంటాడు. నాకు ఒళ్ళు మండి పుస్తకం మూసేశాను. అర్ధరాత్రి మళ్ళీ తెరిచాను. నా జీవితకాలపు కష్టార్జితం ఎవడో అడిగితే, అదీ నా బిడ్డ కోసం కాకపోతే, నేను మాత్రం ఇచ్చేవాడినా? ఇప్పటికీ గట్టిగా అవునని చెప్పలేను.

సినిమాగా కురొసావాదే గొప్ప. ఆ రైలు సీను ఎవరూ మళ్ళీ తీయలేరు. కానీ నన్ను నిద్ర పోనివ్వనిది మాత్రం నవలే.

ఇంకోటి చెప్పి ముగిస్తాను. హిచ్‌కాక్ 'ది బర్డ్స్' చూశారుగా? దానికి స్క్రీన్‌ప్లే రాసింది ఇవాన్ హంటర్. ఆయనా మన మెక్‌బెయినూ ఒక్కరే! అదీ 1963లోనే విడుదలైంది. వచ్చే ఆదివారం అబిడ్స్‌లో హంటర్ పేరుతో ఉన్నవి వెతకాలి. మీకు ముందు కనిపిస్తే నాకోసం ఒకటి ఉంచండి.