నెత్తురు మీది చక్కెర పూస



మా వీధి చివర ఉండే ఏడో తరగతి కుర్రవాడు పోయిన నెల ఒకనాటి సాయంకాలం మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వాళ్ల అమ్మకు ఆపరేషను జరిగింది. నెత్తురు ఎక్కించవలసి వచ్చింది. వాళ్ల నాన్న చొక్కా చెయ్యి మడిచి, "నాది తీసుకోండి" అన్నాడట. పరీక్ష చేసి, "మీది ఎ, ఆవిడది ఓ. పనికిరాదు" అన్నారట. ముక్కూ మొగమూ తెలియని ఎవరి నెత్తురో పనికివచ్చింది. అమ్మ కులాసాగా ఇల్లు చేరింది గాని, నాన్న మాత్రం ఆ మాట మరచిపోలేకుండా ఉన్నాడు.

"అందరి నెత్తురూ ఎర్రనే కదా, మేష్టారూ! మా నాన్నది ఎందుకు పనికిరాలేదు?" అన్నాడు వాడు.

ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, అడిగితే ఊరుకుంటానా? వాడికి చెప్పినదే మీకూ చెబుతాను.

వియన్నా నగరంలో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే వైద్యుడు తన నెత్తురూ, తనతో పనిచేసేవాళ్ల నెత్తురూ తీసి, ఒకరి ఎర్రకణాలను మరొకరి నెత్తుటి తేటతో కలిపి చూశాడు. కొన్ని జతలు చక్కగా కలిశాయి. కొన్ని విరిగిన పాలలాగా ముద్దలు కట్టాయి. నెత్తుటిలో రకాలున్నవని ఆయన 1901లో ప్రకటించాడు. 1930లో నోబెల్ బహుమానం వచ్చింది.

మరి ఆ తేడా ఎక్కడున్నది? చెబితే నవ్వుతారు. ఒకే ఒక చక్కెర పూసలో ఉన్నది!

ఎర్రకణం పైన చక్కెరల గొలుసులు ఉంటాయి. మనం కాఫీలో వేసుకునే పంచదార కాదు సుమా, దాని దాయాదులు. ఈ గొలుసుకు హెచ్ అని పేరు. దాని కొసన ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ అనే పూస ఉంటే ఎ రకం. (నోరు తిరగకపోతే వదిలెయ్యండి, నాకూ మొదట తిరగలేదు.) గెలాక్టోజ్ అనే పూస ఉంటే బి రకం. రెండు రకాల గొలుసులూ ఉంటే ఎబి. ఏ పూసా లేక గొలుసు బోడిగా ఉంటే ఓ.

ఈ పూసను గుచ్చేవాడొకడు ఉండాలి గదా! వాడే ఎంజైము. 1898లో గోల్జీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు కణంలో ఒక భాగాన్ని కనుగొన్నాడు. మన పనివాడు అందులో గోడకు అంటుకుని కూర్చుని పని చేస్తాడు. వాడు 354 అమినో ఆమ్లాల దండ. ఎ పనివాడికీ బి పనివాడికీ తేడా అందులో నాలుగే నాలుగు! జపాను శాస్త్రజ్ఞుడు యమమొటో, ఆయన సహచరులు 1990లో ఈ సంగతి బయటపెట్టారు.

ఓ రకం సంగతి ఇంకా విచిత్రం. జన్యువులోని అక్షరాలను కణం మూడేసి చొప్పున చదువుతుంది. "పలక గడప కలప" అని రాయబోయి రెండో అక్షరం వదిలేశారనుకోండి. మూడేసి చొప్పున చదివితే ఏమవుతుంది? "పకగ డపక లప"! ఓ రకం వాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. ఒక్క అక్షరం జారిపోయి, ఆ తరువాతదంతా అర్థం లేని రాత అయింది. పనివాడే తయారు కాలేదు. అయినా వాళ్లకు ఏ లోటూ లేదు.

ఈ పనివాణ్ణి దగ్గరగా చూడాలంటే మనుషుల నెత్తుటినుంచి తీస్తే చాలదు. అందుచేత శాస్త్రజ్ఞులు మనిషి జన్యువుకు నకలు తీసి, సూక్ష్మజీవిలో ప్రవేశపెడతారు. ఎవరి వంటకమో ఎరుగని ఆ సూక్ష్మజీవి వండి పెడుతుంది! చక్కెర జబ్బువారి ఇన్సులిన్ కూడా 1982 నుంచి ఈ పద్ధతిలోనే తయారై అమ్మకానికి వచ్చింది. ఇలా చేసినదానిని రీకాంబినెంట్ ఎంజైము అంటారు. గోడకు అంటుకునే తోకను ముందే కత్తిరిస్తారు గనుక అది నీటిలో హాయిగా తిరుగుతుంది. గాజు గొట్టంలో హెచ్ గొలుసులూ పూసలూ వేసి దీనిని కలిపితే, ఒక గొలుసుకు పూస గుచ్చి, తాను అరగకుండా మరొక గొలుసు దగ్గరికి పోతుంది. కెనడా శాస్త్రజ్ఞులు ఈ ఎంజైమును స్ఫటికాలుగా చేసి, ఎక్స్-కిరణాలతో పరీక్షించి, 2002లో దాని రూపం ప్రకటించారు. ఏ పూసను పట్టుకోవాలో తేల్చడంలో ఆ నాలుగింటిలో 266వదీ, 268వదీ ముఖ్యమని తెలిసింది.

ఇక మన కుర్రవాడి నాన్న సంగతి. వాళ్ల అమ్మ కణాల మీద పూస లేదు. ఆవిడ నెత్తుటి తేటలో ఎ పూసనూ, బి పూసనూ శత్రువుగా పట్టే కాపలావాళ్లున్నారు. నాన్న నెత్తురు ఎక్కిస్తే వాళ్లు ఆ కణాలను పగలగొట్టి, ఆవిడ ప్రాణానికే ముప్పు తెచ్చేవారు. నాన్న నెత్తుటిలో దోషమేమీ లేదు. ఒక పూస ఎక్కువున్నది, అంతే. ఈ మాట చెబితే వాడు లేచి ఇంటికి పరుగెత్తబోయాడు. చెయ్యి పట్టి ఆపి ఇంకొకటి చెప్పాను.

1952లో బొంబాయిలో, అంటే నేటి ముంబయిలో, డాక్టరు భెండే, ఆయన సహచరులు ఒక వింత నెత్తురును గురించి ప్రకటించారు. ఆ రకం వాళ్ల కణాల మీద హెచ్ గొలుసే పూర్తిగా తయారు కాదు. దాని కొస కట్టే పనివాడే లేడు. మామూలు పరీక్షలో ఓ లాగా కనబడతారు. కాని ఓ నెత్తురు ఎక్కించారా, హెచ్‌ను శత్రువుగా పట్టే వాళ్ల కాపలావాళ్లు దానిని కూడా పగలగొడతారు. వాళ్లకు వాళ్లవంటి వాళ్ల నెత్తురే కావాలి. దీనిని బొంబాయి రకం అంటారు.

మీకొక లెక్క. ప్రతి బిడ్డకూ ఈ పనివాణ్ణి గురించిన రాత తండ్రినుంచి ఒకటి, తల్లినుంచి ఒకటి వస్తుంది. మన కుర్రవాడి నాన్నది ఎ, అమ్మది ఓ. వాడిది ఏ రకం కావచ్చు? ఒకటే జవాబా, రెండున్నాయా? ఆలోచించి రాయండి. వాడు కూడా ఇంకా చెప్పలేదు.