కెమెరా పట్టుకుని వెళ్తే తోడెవరు?

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, గుంటూరు నుంచి నరసరావుపేట దాకా, ఇటు పర్చూరు దాకా కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఆరబోసిన మిరపకాయల పక్కనే ఆఖరి తీతకొచ్చిన పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉంటాయి. ఫోటోలు తీసే సరదా ఉన్నవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఆదివారం పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని బయల్దేరడం నాకు అలవాటు.

గడప దాటేలోగా ఇంట్లోంచి ఒకటే ప్రశ్న: "తోడెవరు?"

తమ్ముడు వెళ్తే ఎవరూ అడగరు. నన్ను అడగడంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రశ్నకి మనం ఇన్నాళ్లూ చెప్పుకుంటున్న జవాబు సరైనదేనా?

తోడు అంటే మగవాడేనా?

2013 ఆగస్టు 22న ముంబయిలో పాడుబడ్డ శక్తి మిల్స్‌లో ఫోటోలు తీయడానికి వెళ్లిన 22 ఏళ్ల ఫోటో జర్నలిస్టుపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె ఒంటరిగా వెళ్లలేదు. పక్కన మగ సహోద్యోగి ఉన్నాడు. అతన్ని కట్టేశారు. 2014లో ముగ్గురికి ఉరిశిక్ష పడింది, 2021లో బొంబాయి హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. శిక్ష సంగతి అలా ఉంచితే, ఆ ఘటన చెప్పేది ఒకటుంది. పక్కన మగవాడు ఉన్నాడా అన్నదాని కంటే, పిలిస్తే పలికే మనుషులు చుట్టూ ఉన్నారా అన్నది ముఖ్యం.

అందుకని ఆడవాళ్లు కెమెరా అటక మీద పెట్టేయాలా? మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హొమాయ్ వ్యారావాలా ఆ రోజుల్లోనే చీర కట్టుకుని, సైకిలు మీద ఢిల్లీ అంతా తిరిగి ఫోటోలు తీసింది. వెనక్కి వెళ్లే ప్రసక్తే లేదు. ఎలా వెళ్లాలన్నదే ఆలోచించాలి.

నా అనుభవం చెబుతాను. ఒకసారి కాలవగట్టు మీద నడుస్తుంటే మోటారు సైకిలు మీద ఇద్దరు వెంటపడ్డారు. ఆగితే ఆగుతున్నారు, నడిస్తే వస్తున్నారు. పక్కనే కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాను. "రా అమ్మాయ్, ఇట్టా కూచో" అంది ఒక పెద్దామె. లేచి నిలబడి వాళ్లని నాలుగు తిట్టింది. బండి తిరిగి చూడకుండా పోయింది.

గుండెదడ తగ్గాక, ఆ ఆడవాళ్లని ఫోటో తీద్దామని కెమెరా ఎత్తాను. "ఈ ఫోటో ఎక్కడికి పోద్దమ్మా?" అని అడిగిందామె. అంతకుముందు ఎవరో వచ్చి, ఒంగి కాయలు కోస్తున్న ఆమె మనవరాలిని ఫోటో తీసుకుపోయారట. అది పిచ్చిరాతలతో ఊళ్లో ఫోన్లన్నీ తిరిగింది. ఆ పిల్ల సిగ్గుతో వారం రోజులు కూలికి పోలేదు, ఆ వారం కూలి పోయింది.

నాకు నోట మాట రాలేదు. నా భద్రత గురించే ఆలోచిస్తూ వచ్చాను. నా కెమెరా ముందున్న వాళ్ల భద్రత నాకెప్పుడైనా గుర్తొచ్చిందా?

చట్టం ఎంతవరకు?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ప్రకారం, ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా వెంటపడటం నేరం. కాబట్టి "నా వెంట రావద్దు" అని పదిమందికీ వినపడేలా చెప్పండి. ఏ పోలీస్ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మా పరిధి కాదని పంపేయడానికి వీల్లేదు. ఆడవాళ్ల ఏకాంతాన్ని దొంగచాటుగా ఫోటో తీయడం 77వ సెక్షన్ కింద నేరం. అయితే పొలంలో పని చేసుకుంటున్న మామూలు ఫోటో దాని కిందికి రాదు. చట్టం చెయ్యి అందని ఆ చోట మన మర్యాదే కాపలా. అడిగి తీయాలి, తీసింది చూపించాలి, వద్దంటే వాళ్ల ఎదురుగానే చెరిపేయాలి.

బయల్దేరే ముందు

ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పండి. 112, 181 నంబర్లు గుర్తుంచుకోండి. 2025 మార్చి 8న మార్కాపురంలో ప్రభుత్వం ప్రారంభించిన శక్తి యాప్ ఫోన్లో ఉంచుకోండి. అయినా పొలాల్లో సిగ్నల్ అన్నిచోట్లా అందదు, ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వెళ్లగానే కల్లంలో వాళ్లని పలకరించి, పేరు చెప్పి, కాసేపు కూర్చోండి. కొత్తవాళ్లయితే గుంటూరుకి దగ్గర్లోని ఉప్పలపాడు పక్షుల చెరువుతో మొదలుపెట్టడం మంచిది. నలుగురూ వచ్చే చోటు.

ప్రమాదం మనుషుల వల్లే వస్తుందనుకోవద్దు. కెమెరాలోంచి చూస్తూ వెనక్కి అడుగు వేయకండి, వెనకే సాగర్ కాలవో, గట్టు లేని బావో ఉండొచ్చు. మిరపచేలో రక్తపింజరి కనపడకుండా పడుకుని ఉంటుంది, బూట్లు తప్పనిసరి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం మాని, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. మందు కొట్టిన చేలో దిగొద్దు. రైలు పట్టాల మీద ఫోటోలు దిగడం ప్రాణానికే కాదు, చట్టానికీ విరుద్ధం. మిర్చి యార్డులో ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఘాటుకి దగ్గు ఆగదు. అక్కడ లెన్సు మార్చారంటే ఆ దుమ్మంతా కెమెరాలోకే. ఇక ఎండాకాలం సంగతి రెంటచింతల వాళ్లని అడగండి! పది గంటలకల్లా నీడకి చేరాలి.

తర్వాతి వారం ఫోటోలు కడిగించి ఆ కల్లానికి తీసుకెళ్లాను. పెద్దామె తన ఫోటో కొంగుతో తుడిచి, దాచుకుంది. "మళ్లీ ఎప్పుడొస్తావ్?" అని అడిగింది. ఇప్పుడు ఇంట్లో "తోడెవరు?" అంటే ఆ కల్లం పేరు చెబుతున్నాను.