శాఖా రైలుమార్గములకు డీజిల్ కారు

కాకినాడనుండి కోటిపల్లి రేవువరకు గల రైలుమార్గపు కథ మన సభ్యులలో పెక్కుమంది యెరిగినదే. 1928లో వేయబడిన యీ మార్గపు పట్టాలు ద్వితీయ ప్రపంచయుద్ధకాలమున పెరికివేయబడెను. మరల నచ్చట రైలుకూత వినబడుటకు 2004వరకు వేచియుండవలసి వచ్చెను. రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా పోవు ఆ సుమారు 45 కిలోమీటర్ల దారిని నడచిన బండి పెద్దరైలు కాదు, రైలుబస్సు. వేరొక యింజను ముందునుండి లాగనక్కరలేక, తన నేలక్రింద నమర్చిన డీజిల్ యంత్రముతో తానే కదలిపోవు ఒంటిపెట్టె యది. బొబ్బిలినుండి సాలూరునకు గూడ నిట్టి బండియే కొంతకాలము నడచెను.

ఈ రెండుచోట్లను బండి నడచుచు నాగుచు వచ్చుటచే, “రైలుబస్సు బొమ్మబండి, దానివలన రైతునకు ఒరుగున దేమియు లేదు” అను మాట మన పల్లెలలో స్థిరపడిపోయినది. ఈ మాటతో నేనేకీభవింపజాలను. బండి చిన్నదగుట దోషము కాదు. మనుష్యులను కూర్చుండబెట్టుటకే దానిని నిర్మించి, రైతు వెంటతెచ్చు గంపకు, మూటకు చోటు చూపకపోవుటయే దోషము.

ముందుగా యంత్రపు సంగతి చూతము. మనదేశమున దీర్ఘకాలము పనిచేసిన డబ్ల్యు.డి.ఎమ్.-2 జాతి డీజిల్ యింజను ఒక్కటియే 112 టన్నులకు పైగా తూగును. దాని బలము 2600 అశ్వశక్తి. అరువదిమంది ప్రయాణికులకొరకు దానిని పంపుట, కొబ్బరికాయ కొట్టుటకు సమ్మెట నెత్తుటవంటిది. గమ్యమును చేరినపిదప ఆ యింజనును విప్పి, ప్రక్కదారిన త్రిప్పి, రెండవ కొనకు మరల తగిలింపవలెను. తానే నడచు కారున కీ బాధ లేదు. రెండు కొనలందును నడుపుగది యున్నచో, చోదకుడు ఈ గదినుండి ఆ గదికి పోయిన చాలును. బరువు తక్కువ గనుక చమురు ఖర్చు తక్కువ. పట్టాల అరుగుదల తక్కువ. ఆగి మరల బయలుదేరుటకు ఎక్కువసేపు పట్టదు గనుక, మార్గమధ్యమున నిలువదగిన తావుల సంఖ్యను పెంచవచ్చును. రైతున కన్నిటికంటె ముఖ్యమైన గుణ మీ కడపటిదే.

దీనిని చక్కగా నెరిగి వాడుకొన్నవారు ఐర్లండు ద్వీపమున వాయవ్యమూలనున్న డోనెగల్ సీమవారు. కొండలు, బీళ్లు, చిన్నకమతములు గల బీదసీమ యది. పట్టాలనడుమ మూడే అడుగుల వెడల్పుతో, సుమారు 200 కిలోమీటర్ల పొడవున వారి రైల్వే యుండెను. 1910 మొదలు మూడు దశాబ్దములకు పైగా దాని నిర్వహణము చూచినవాడు హెన్రీ ఫోర్బ్స్. 1926లో బొగ్గు గనుల సమ్మెవలన ఆవిరియింజనులకు బొగ్గు కరవయ్యెను. అప్పుడు పట్టాల తనిఖీకై యుంచుకొన్న చిన్న పెట్రోలుబండిని ఫోర్బ్స్ తపాలాకును ప్రయాణికులకును వినియోగించెను. గతిలేక చేసిన యాపని కన్నులు తెరిపించెను. 1931లో డోనెగల్ రైల్వే నడిపిన డీజిల్ కారే బ్రిటిషు దీవులలో మొట్టమొదటి డీజిల్ రైలుకారు. అటుపిమ్మట ప్రయాణికుల రాకపోకలలో అధికభాగము కార్లకే వచ్చెను. ఆవిరియింజనులు సరకురైళ్లకును ఉత్సవదినముల ప్రత్యేకపు రైళ్లకును మిగిలెను.

ఆ కార్లు స్టేషన్లలో మాత్రమే ఆగెడివి కావు. బండిబాట పట్టాలను దాటుచోట, గేటుకడ, పొలమునుండి వచ్చిన మనిషి నిలుచుండినచో కారు ఆగెడిది. అచ్చట స్టేషనుమాస్టరు లేడు, టిక్కెట్లగది లేదు. కారులోనే రుసుము చెల్లింపవచ్చును. అవసరమైనప్పుడు కారువెనుక తేలికపాటి సరకుపెట్టె నొకదానిని తగిలించి లాగుకొనిపోవుచుండిరి. వారి కార్లలో పెక్కింటికి నడుపుచోటు ఒకకొననే యుండుటచే, దారిచివర తిరుగుడుబల్లపై నెక్కించి వానిని మరలింపవలసియుండెను, అదియొక చిక్కు. అయినను ఆ రైల్వే 1959 డిసెంబరు 31వరకు ప్రయాణికులను చేరవేసెను. ప్రక్కనే మోటారుబస్సులు పోటీపడుచుండగా, ఆ బీదసీమలో నంతకాలము నిలుచుట సామాన్యము కాదు.

అమెరికాలో కొలరాడో కొండలయందలి రియో గ్రాండె సదరన్ రైల్వే కథ మరియొకవిధము. అప్పులపాలై న్యాయస్థానపు అధీనములోనికి పోయిన ఆ రైల్వేకు, ఆవిరిరైలు నడుపుటకు సొమ్ము లేదు. తపాలా కంట్రాక్టును విడుచుటకు వీలులేదు. 1931లో వారు బ్యూయిక్, పియర్స్-యారో మోటారుకార్ల ముందుభాగములను తెచ్చి, ఇనుపచక్రములు బిగించి, వెనుక పెద్దపెట్టె నొకదానిని కట్టిరి. అవి పెట్రోలుబండ్లు. ముందు మనుష్యులు, వెనుక తపాలాయును సరకును. ఒయ్యారముగా నూగుచు పోవుటచే జనులు వానికి ‘దౌడుతీయు బాతు’ అని పేరిడిరి. ఇరువది సంవత్సరములపాటు ఆ రైల్వే ప్రాణములను నిలిపినవి యీ బాతులే. 1950లో తపాలా కంట్రాక్టు పోగానే రైల్వేకును దినములు దగ్గరపడెను. ఆ బండి బ్రదుకు ప్రయాణికుల టిక్కెట్లపై గాక వెనుకపెట్టెపై నాధారపడియుండెనని దీనివలన స్పష్టమగుచున్నది.

నేనొకమారు ఒక శాఖామార్గమున ఇట్టి ఒంటిపెట్టెలో ప్రయాణము చేసితిని. దారిలో నొక స్త్రీ రెండు వంకాయగంపలతో నెక్కెను. ఒకగంప నొడిలో పెట్టుకొనెను. రెండవది ద్వారముకడ నుండెను. దిగువారెల్ల దానిని దాటుచు విసుగుకొనుచుండిరి. గమ్యమును చేరునప్పటికి పట్టణమునందలి సంతవేళ మించిపోయెను. మరునాడు ఆమె ఆటో నెక్కియుండునేమో. ఎక్కినచో ఆమెను తప్పుపట్టుట న్యాయమా?

అయితే ఈ కార్ల లోపములను మరుగుపరచుట తగదు. నాలుగుచక్రముల చిన్నబండి పాతబడిన పట్టాలపై మిక్కిలి కుదుపును. శివరాత్రినాడు కోటిపల్లిలో గౌతమీస్నానమునకు వచ్చు జనసమూహమును ఒంటిపెట్టె మోయజాలదు. అన్నిటికంటె గొప్పలోపము మరియొకటి: ఒక మార్గమునకు ఒక్కటే కారున్నప్పుడు, అది మరమ్మతుకు పోయిననాడు రైలే లేదు. నేడు వచ్చి రేపు రాని బండిని నమ్మి ఏ రైతును పాలు పిండి యుంచడు. రెండు బండ్లు పనిచేయుచు, మూడవది సిద్ధముగా నుండిననే యీ పద్ధతి నిలుచును. పెక్కుపెట్టెలు గల స్వయంచాలకపు రైళ్లును మనదేశమున గలవు. 1994లో జలంధరు–హోషియార్‌పూరు మార్గమున మొదలైన డెమూ రైళ్లు ఆ జాతివే. జనము మిక్కుటమైన దారుల కవియే తగినవి.

నేడు బ్రాడ్‌గేజి మార్గములు దాదాపుగా విద్యుదీకరింపబడినవి గనుక, డీజిల్ కారుల చర్చ కాలము చెల్లినదని కొందరు మిత్రులనిరి. వారి మాటలో కొంత నిజము గలదు. కాని తీగెవలన నడచు మెమూ రైలును ఇంజను లేక తానే కదలునట్టిదే. శక్తి వచ్చు త్రోవ మారినది, సూత్రము మారలేదు. తీగె క్రింద నడచినను, చమురుతో నడచినను, దినమున కెన్నిమారులు నడచును, ఎచ్చట నిలుచును, గంప నెచ్చట పెట్టవలెను అను ప్రశ్నలు అట్లే యుండును.

కావున మార్గమునకు రైలు కావలెనని మన సంఘములు విన్నపము పంపునప్పుడు “రైలు వేయుడు” అని మాత్రమే వ్రాసి యూరకుండరాదు. పెట్టెలో మూడవవంతు బల్లలు లేక ఖాళీగా నుండవలెననియు, ద్వారము గంప పట్టునంత వెడల్పుగా నుండవలెననియు కోరవలెను. తెల్లవారకముందే బయలుదేరు బండి యొకటియు, సంత ముగిసినపిదప మరలు బండి యొకటియు నుండవలెను. దీనికి ప్రతిగా రైల్వేవారు మనల నడుగు ప్రశ్న యొకటే: సరకు ఎంత? గుమ్మమునకే వచ్చు ఆటోను కాదని సభ్యుడు స్టేషనుకు నడచునా? దీనికి మనయొద్ద సమాధాన మున్నదని నేను చెప్పజాలను. ఏ గ్రామమునుండి ఏ వారమున ఎన్ని క్యానుల పాలు, ఎన్ని గంపల కూర, ఎన్ని బస్తాల కొబ్బరి పట్టణమునకు పోవుచున్నదో, దానికి నేడిచ్చు కిరాయి యెంతయో మన సంఘపు పుస్తకములలో నెచ్చటను లేదు. మార్గమునకు చెరియొకవైపు గల సంఘములు వచ్చు పంటకాలమున ఒకనెలపాటు ఈ లెక్క వ్రాసి యుంచిన బాగుండును.