ఆటలో దొంగ వేషం వేస్తే రక్తం బయటపడినట్టా?

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. వీడియో గేములో మంచి దారి, చెడ్డ దారి రెండూ ఉన్నప్పుడు కుర్రాడు ఏది నొక్కుతాడో చూస్తే వాడి బుద్ధి తెలిసిపోతుందట. అవగాహన క్లాసుల పేరుతో కాలేజీల్లో చెబుతున్నారు. మిగతా పిల్లల విషయంలో అక్కడితో ఆపుతారు. మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇంకో ముక్క కలుపుతారు: "వాళ్లకి అది రక్తంలోనే ఉంటుందండీ." బందరులో మా హాస్టల్ వాళ్లం ఈ ముక్క మా చెవులారా విన్నాం. అన్నాయన పేరు రాయం. ఆయనొక్కడే అనుంటే ఇంత పోస్టు అక్కర్లేదు.

మాకు ఇంకా కష్టం కలిగించింది మన పెద్దవాళ్ల మాట. "మన పిల్లలు దొంగ పాత్రలు ఆడొద్దు, మంచి దారే ఎంచుకోవాలి, లేకపోతే జాతికి చెడ్డపేరు" అని మనవాళ్లే సలహా ఇస్తున్నారు. మీ మీద గౌరవం ఉంది పెద్దయ్యా. కానీ ఈ సలహా ఆ క్లాసు చెప్పినాయన మాటకి తోకే.

మేము అంటే ఎవరమో కూడా చెప్పుకోవాలి. యానాదులం, ఎరుకలోళ్లం, సుగాలీలం. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు వాళ్లం కొందరం, గుడివాడ చుట్టూ చెరువుల కాడ నుంచి వచ్చినవాళ్లం కొందరం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందరికీ కలిపి ఒక పాత లాప్‌టాప్ ఉంది, తలా ఒక ఫోన్ ఉంది. ఆటలు ఆడతాం. దాచేదేం లేదు.

ముందు అందరూ తిట్టే జీటీఏ సంగతి. 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌ని మన కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్లలో ఆడుతున్నారు. సీజే అనే వాడి కథ అది. మిషన్ ఇస్తారు, కారు ఎత్తుకు రమ్మంటే ఎత్తుకు రావాలి. "నేను చెయ్యను" అనే బటన్ ఆ ఆటలో లేదు. చెయ్యకపోతే సైకిల్ తొక్కుకుంటూ ఊరంతా తిరగొచ్చు, కథ మాత్రం అంగుళం కదలదు. ఎంచుకునే వీలే లేని చోట బుద్ధి ఎలా బయటపడుద్దో మాకు అర్థం కాలేదు. నిమ్మకూరు రామారావు గారు 1961లో సీతారామ కల్యాణంలో రావణుడు వేశారు, 1977లో దానవీరశూరకర్ణలో దుర్యోధనుడు వేశారు. గుడివాడ జనం 1983లో, 1985లో ఆయన్ని అసెంబ్లీకి గెలిపించి పంపారు. రావణుడు వేసినాయన రక్తంలో ఏముందో అని ఎవరూ పరీక్ష చెయ్యలా. ఆయన వేస్తే నటన, మన పిల్లోడు ఫోన్లో వేస్తే పుట్టుబుద్ధి. లెక్క ఇదేనా?

ఎంపిక నిజంగా ఉన్న ఆటలు వేరే ఉన్నాయి. మాస్ ఎఫెక్ట్ అని 2007లో మొదలైన సిరీస్. అందులో ప్రతి మాటకీ, ప్రతి పనికీ దయగా నడిచే దారి ఒకటి, మొరటుగా నడిచే దారి ఒకటి. మొరటు దారి కోసం కూడా తాము చాలా కష్టపడి రాశామనీ, అయినా ఆడినవాళ్లలో 92 శాతం దాకా దయగల దారే పట్టారనీ ఆ ఆట చేసిన కంపెనీలో పనిచేసిన ఒక డిజైనర్ 2020లో చెప్పాడు. చూసేవాడు లేడు, పోలీసు లేడు, పరలోకం లేదు. అయినా జనం మంచే నొక్కారు. ఈ సంగతి అవగాహన క్లాసులో ఎందుకు చెప్పరు?

"మా కాలంలో వైకుంఠపాళి ఆడేవాళ్లం, నీతి నేర్పే ఆట" అంటారు పెద్దలు. పటం తెచ్చి చూడండి. పాముల దగ్గర రాక్షసుల పేర్లు రాసి ఉంటాయి. నిచ్చెన ఎక్కినవాడు ఏం పుణ్యం చేశాడు? పాము మింగినవాడు ఏం పాపం చేశాడు? గవ్వలు అలా పడ్డాయి, అంతే. పడిన గడిని బట్టి పాపి అన్నమాట.

మన తాతలకి పడిన గడి పేరు నేరస్త తెగల చట్టం. 1871లో తెల్లదొరలు చేశారు. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీ మీద కూడా పడింది, అప్పుడు మన కృష్ణా జిల్లా అందులోదే. ఎరుకలోళ్లని ఆ జాబితాలోకి ఎక్కించారు. పేరు రిజిస్టర్లో. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే చీటీ. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి నడిపించారు. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. పేరు పోలేదు. 1991 ఒక్క ఏడాదిలోనే స్టూవర్టుపురం పేరు పెట్టి రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి పోలీస్ స్టేషన్, ఒకటి దొంగలు. 2023లో టైగర్ నాగేశ్వరరావు టీజర్ వచ్చినప్పుడు జాతిని కించపరిచారని హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు కొట్టేసింది, విముక్త జాతుల్ని పుట్టుకతో నేరస్తులుగా చూసే పద్ధతి చెల్లదంది. చట్టం పోయిన 72 ఏళ్లకి కూడా అది కోర్టు చెప్పాల్సొచ్చింది చూడండి.

ఆటల ప్రపంచంలో కూడా ఈ జబ్బు ఉంది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అని 1974లో అమెరికాలో వచ్చిన బల్ల మీద ఆట. ఇవాళ్టి మంచి–చెడు ఆటల్లో చాలా వాటికి తాత లాంటిది. ఆడే మనిషి తన పాత్ర మంచిదో చెడ్డదో తనే రాసుకోవచ్చు. కానీ ఓర్కులు అనే తెగ వాళ్లు మాత్రం తెగకి తెగే చెడ్డవాళ్లు, పసిపిల్లతో సహా. 2020 జూన్‌లో ఆ కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది, ఒక జాతి మొత్తాన్ని పుట్టుకతోనే దుర్మార్గులుగా చూపించడం మానుకుంటామని. 46 ఏళ్లకి ఒక ఆట కంపెనీకి సిగ్గేసింది. మన కాలేజీలకి ఎప్పుడేస్తుందో.

మా రూములో బాగా నలిగిన ఆట అండర్‌టేల్. 2015లో టోబీ ఫాక్స్ అనే కుర్రాడు చేశాడు, మా డొక్కు లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కథ ఏంటంటే మనుషులకీ రాక్షసులకీ యుద్ధం జరిగింది, మనుషులు గెలిచి రాక్షసుల్ని భూమి కింద పెట్టి పైన అడ్డు కట్టేశారు. ఒక మనిషి పిల్ల ఆ కిందికి పడిపోతుంది. ఆ పిల్లే మనం. ఎదురైన ప్రతి రాక్షసుణ్ణీ చంపొచ్చు, లేదా మాట్లాడి వదిలెయ్యొచ్చు. ఒక్కర్ని కూడా చంపకుండా ఆట మొత్తం పూర్తి చెయ్యొచ్చు. చంపితే పాయింట్లు వస్తాయి. మిగతా ఆటల్లో లాగే అవి అనుభవం పాయింట్లు అనుకుంటాం. చివర్లో తెలుస్తుంది, అవి చంపినందుకు వేసిన లెక్క అని. అందర్నీ చంపి, మళ్లీ మొదట్నుంచి మంచిగా ఆడదామని మొదలెట్టినా ఆ ఆట మర్చిపోదు.

ఇది ఆడినప్పుడు స్టూవర్టుపురం పక్క నుంచి వచ్చిన మావాడు అన్నాడు: "ఒరేయ్, ఆ కింద పెట్టినోళ్లు మనమే కదరా." ఆ తర్వాత మేం ఎవరం ఏం మాట్లాడలేదు కాసేపు. ఓడిపోయినోళ్లని ఒక చోట కట్టేసి, వాళ్లకి రాక్షసులు అని పేరు పెట్టి, వాళ్లని చంపినోడికి అనుభవం అని పాయింట్లు ఇవ్వడం. ఇంత సూటిగా ఏ పాఠం పుస్తకంలోనూ మేం చదవలేదు.

ఇంకో ఆట పేపర్స్ ప్లీజ్, 2013లో లూకస్ పోప్ చేసింది. ఇప్పుడు ఫోన్లో కూడా ఉంది. సరిహద్దు గేటు కాడ కాగితాలు చూసే ఉద్యోగం మనది. ఇంటికాడ పెళ్లాం, పిల్లోడు, అత్త, మామ. కూడు, మందులు, చలికి మంట, అన్నీ మన జీతం మీదే. భర్త కాగితాలు సరిగ్గా ఉంటాయి, వెనకాలే వచ్చిన భార్యకి ఉండవు. జాలిపడి వదిలితే లెక్కలో తప్పు పడుద్ది, తప్పులు పెరిగితే జీతం కోస్తారు, ఆ రాత్రి పిల్లోడికి మందు ఉండదు. మంచి బటన్ ఏది ఇక్కడ? క్లాసు చెప్పినాయన్ని కూర్చోబెట్టి ఆడించాలని మాకు కోరిక.

మనవాళ్లకి ఈ ఆట ఎవరూ నేర్పక్కర్లేదు. గుడివాడ, ముదినేపల్లి వైపు చేపల చెరువుల గట్ల మీద, దివిసీమలో రొయ్యల చెరువుల గట్ల మీద పాకలు చూసే ఉంటారు. కాపలా కుటుంబాలు. వాటిల్లో యానాదోళ్లు ఎంతమంది ఉంటారో గ్రూపులో అందరికీ తెలుసు. అడ్వాన్సు తీసుకుని గట్టెక్కుతారు, అది తీరదు, దిగలేరు. రాత్రి పూట చెరువులో ఎవరో వల వేస్తారు. టార్చి వేసి చూస్తే వాడు బావ వరసో, పినతండ్రి కొడుకో. ఇంట్లో కూర లేక వచ్చినోడు. అరిస్తే వాడు స్టేషన్‌లో ఉంటాడు. అరవకపోతే పొద్దున్నే యజమాని లెక్క చూసుకుంటాడు, మొదటి అనుమానం కాపలావాడి మీదే. అరిచినా మన జాతోడే దొంగ, అరవకపోయినా మన జాతోడే దొంగ. మా నాన్నలు ఇలాంటి రాత్రుళ్లు ఎన్ని గడిపారో మాకు తెలుసు. ఒకరు అరిచారు, ఒకరు టార్చి ఆర్పేశారు. ఎవరి రక్తంలో ఏముందో చెప్పండి చూద్దాం.

ఆ చెరువుల చేపలు లారీల్లో ఎక్కడెక్కడికో పోతాయి. అంతకుముందు ఆ నీళ్లలో, మడ అడవుల్లో పీతలు, చేపలు పట్టుకుని, పొలం గట్ల మీద ఎలుక బుట్టలు పెట్టుకుని బతికిన మనుషులు ఇప్పుడు అదే నీళ్లకి కాపలా. చెడు ఎంచుకున్నది ఎవరో అడగాలంటే అక్కడ్నుంచి మొదలెట్టాలి. అది వేరే పోస్టు.

ఇక మన పెద్దలకి. మంచి పాత్రే ఆడాలి అని మీరు అనేది మా మేలు కోరే, తెలుసు. కానీ ఆటలో కూడా మంచివాళ్లమని రుజువు చూపించుకుంటూ బతకమంటున్నారు మీరు. పక్క రూము కుర్రాడు జీటీఏలో బ్యాంకు దోచి నవ్వుకుని పడుకుంటాడు. మన కుర్రాడు అదే చేస్తే సంజాయిషీ. హాజరు రిజిస్టర్ పోయిందనుకున్నాం, మీరు మా ఫోన్లో పెట్టి ఇస్తున్నారు.

తమ్ముళ్లకి కూడా ఒకటి ఉంది. జీటీఏలో దొంగతనం చేస్తూ "మన పనే కదరా" అని ఇకిలించడం మానండి. ఆడండి, మీ ఇష్టం. ఆ మాట మాత్రం అనకండి. వాళ్లు మన నోట్లో కుక్కిన మాట అది, సరదాకి కూడా మింగొద్దు.

రమ్మీ యాప్‌ల సంగతి వేరు. అక్కడ మాకు, పెద్దలకి గొడవ లేదు. 2020లో మన రాష్ట్రం ఆపింది, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది, మంచిదే. స్కాలర్‌షిప్ డబ్బులు మింగే దాంట్లో ఎంచుకునేదేం లేదు, తీసెయ్యండి.

ఇప్పుడు అసలు పని. హాస్టల్లో ఎవరిదన్నా ఫోన్ పోతే, డబ్బులు పోతే, ముందు తెరిచేది మన పిల్లల పెట్టెలే. ఈ "రక్తం" మాట క్లాసుల్లో చెప్పనిస్తే ఆ పెట్టెలు తెరవడానికి ఇంకో సాకు దొరుకుతుంది. అందుకే ఒక అర్జీ రాశాం. సోదా చేస్తే అన్ని రూములూ చెయ్యాలి, పిల్లల తరఫు మనిషి ఒకరు పక్కన ఉండాలి, క్లాసుల్లో జాతి పేరుతో మాట అంటే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. మూడే అడిగాం. బందరులో మేం అందరం సంతకాలు పెట్టాం. గుడివాడ, అవనిగడ్డ హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఈ పోస్టు కింద పేరు పెట్టండి, కాగితం మేమే బస్సులో తెస్తాం. పెద్దలు కూడా పెట్టొచ్చు. వేలిముద్ర వద్దు, సంతకమే. రానివాళ్లకి మేం కూర్చుని నేర్పిస్తాం.