పత్తి చేలో చూసిందే మందుల షాపులోనూ

"గొంతు నొప్పిగా ఉందన్నా, అజిత్రో ఒక షీటు ఇవ్వు." పల్నాడు జిల్లా రెంటచింతలలోనైనా, మాచర్ల, గురజాల బస్టాండుల దగ్గరైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది. అజిత్రో అంటే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. అడిగేది ఇరవై ఏళ్ల కుర్రాడు. చేతిలో డాక్టరు చీటీ ఉండదు, షాపులో ఎవరూ చీటీ అడగరు. డబ్బులు తక్కువైతే షీటు కత్తిరించి రెండు మాత్రలే ఇస్తారు. మర్నాటికి గొంతు కాస్త నెమ్మదిస్తుంది. చాలా గొంతు నొప్పులు వైరస్ వల్ల వచ్చేవే, వాటంతట అవే తగ్గేవే. కానీ కుర్రాడు మాత్రం మందు పని చేసిందని గుర్తు పెట్టుకుంటాడు. ఇంకోసారి ఒళ్లు వెచ్చబడితే నేరుగా అదే పేరు చెప్పి అడుగుతాడు.

ఈ కుర్రాడి తండ్రికో తాతకో ఇలాంటి కథ ఒకటి తెలుసు. 1980ల్లో పత్తి చేలకు సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో కొట్టిన సాయంత్రానికే శనగపచ్చ పురుగు రాలిపోయేది. వారానికోసారి కొట్టారు. తర్వాత డోసు పెంచారు. ఆ తర్వాత రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పురుగుతో పాటు పురుగును తినే మిత్ర పురుగులూ పోయాయి, తెల్లదోమ విజృంభించింది. 1987-88 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావని స్థితి వచ్చింది. అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు పల్నాడు గుంటూరు జిల్లాలోనే ఉంది. ఆ తర్వాత బీటీ విత్తనం వచ్చి కొన్నేళ్లు ఊపిరి పీల్చుకున్నాక గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది.

పురుగు మందుకు "అలవాటు పడింది" అని పల్నాటి రైతు అనేదాన్నే సూక్ష్మజీవుల విషయంలో వైద్యులు యాంటీబయాటిక్ నిరోధకత అంటారు. నిజానికి ఒక్కో పురుగూ అలవాటు పడదు. మందుకు తట్టుకునేవి గుంపులో ముందే ఒకటో అరో ఉంటాయి. మిగతావన్నీ చచ్చాక చేను మొత్తం వాటి సంతానానిదే అవుతుంది. బాక్టీరియా పురుగు కంటే ఒక అడుగు ముందుంది. తట్టుకునే గుణాన్ని పిల్లలకే ఇచ్చి ఊరుకోదు, పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా అందిస్తుంది.

గొంతు కోసం మింగిన మాత్ర గొంతు దగ్గర ఆగదు. పేగుల్లో కోట్లాది బాక్టీరియా మనకు మేలు చేస్తూ బతుకుతుంటాయి, అవి మన మిత్ర పురుగులు. మాత్ర వాటినీ ఊడ్చేస్తుంది. మిగిలేవి మందుకు లొంగనివి. కొన్ని నెలల తర్వాత వాటిలోనే ఒకటి మూత్రనాళంలోకి చేరితే, అప్పుడు నిజంగా అవసరమైన మందు పని చేయదు. హాస్టళ్లలో నీళ్లు చాలక, బాత్‌రూములు సరిగా లేక మూత్రం ఆపుకునే ఆడపిల్లలకు ఈ ఇన్ఫెక్షన్ పదే పదే వస్తుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక, స్నేహితురాలి దగ్గర మిగిలిన మాత్రలు రెండు వేసుకుంటారు. ఆ పిల్లలను తప్పు పట్టే ముందు ఆ బాత్‌రూములు చూసి రావాలి.

అజిత్రోమైసిన్ పేరు ఇంతగా నోళ్లలో ఎలా నానింది? 2020, 2021ల్లో తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ అందిన కోవిడ్ కిట్లలో ఆ మాత్ర ఉండేది. కోవిడ్‌కు దానివల్ల ప్రత్యేకమైన మేలు లేదని 2021లోనే పెద్ద అధ్యయనాలు తేల్చాయి. కానీ ఆ తేలిన మాట గడప దాకా రాలేదు, వచ్చిన మాత్ర మాత్రం మనసులో ఉండిపోయింది. ఆనాడు పదో తరగతి చదివిన పిల్లలే ఈనాటి యువకులు. కోవిడ్‌కు ముందు కూడా పరిస్థితి గొప్పగా లేదు. 2019లో దేశంలో ప్రైవేటు రంగంలో అమ్ముడైన యాంటీబయాటిక్స్‌ను లెక్కగట్టి 2022లో లాన్సెట్ పత్రికల్లో ఒకటి ప్రచురించిన అధ్యయనంలో మొదటి స్థానం అజిత్రోమైసిన్ 500దే, రెండోది సెఫిక్సిమ్ 200.

ఈ రెండు పేర్లే నన్ను భయపెడుతున్నాయి. కారణం టైఫాయిడ్. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినప్పుడు టైఫాయిడ్ కథ ముగిసిందనుకున్నారు. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ విరుచుకుపడింది. ఆ తర్వాత సిప్రోఫ్లోక్సాసిన్ వచ్చింది, ఇప్పుడు మన దేశంలో అదీ చాలావరకు పట్టు కోల్పోయింది. పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాదు నగరంలో 2016లో మొదలైన టైఫాయిడ్‌కు సెఫిక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్లు కూడా పని చేయలేదు. నోటి ద్వారా ఇవ్వగలిగిన మందుల్లో అక్కడ గట్టిగా మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. అంటే మనవాళ్లు తుమ్ముకూ దగ్గుకూ మింగుతున్నది మన చివరి మాత్రల్లో ఒకదాన్ని.

మన ఊళ్లలో టైఫాయిడ్ అనే మాటకు ఇంకో చిక్కు ఉంది. జ్వరం మూడు రోజులు దాటితే విడాల్ పరీక్ష చేయిస్తారు. చీటీ మీద 1:160 అని కనపడగానే "టైఫాయిడ్ ఉంది" అని తేల్చేస్తారు. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా ఆ అంకె రావచ్చు. ఒక్క విడాల్‌తో టైఫాయిడ్‌ను నిర్ధారించలేం, దానికి బ్లడ్ కల్చర్ చేయాలి. అప్పటికే సొంతంగా రెండు మాత్రలు మింగి ఉంటే కల్చర్‌లో బాక్టీరియా మొలవకపోవచ్చు. జబ్బేదో తెలుసుకునే దారిని కూడా ఆ రెండు మాత్రలు మూసేస్తాయి. క్షయ విషయంలో ఇది మరీ ప్రమాదం. నెలల తరబడి దగ్గేవాడు లీవోఫ్లోక్సాసిన్ కొనుక్కుని వాడితే కొన్నాళ్లు తగ్గినట్టు అనిపిస్తుంది, క్షయ ఆలస్యంగా బయటపడుతుంది. మొండి క్షయకు వాడే మందుల్లో లీవోఫ్లోక్సాసిన్ కూడా ఒకటి.

2025లో గుంటూరు పక్కనే ఉన్న తురకపాలెంలో వరుస మరణాలు జరిగినప్పుడు మెలియాయిడోసిస్ అనుమానంతో వైద్య బృందాలు ఊళ్లోకి వెళ్లాయి. మట్టిలో, నీటిలో ఉండే బాక్టీరియా వల్ల వచ్చే ఆ జబ్బు మామూలుగా వాడే చాలా యాంటీబయాటిక్స్‌కు పుట్టుకతోనే లొంగదు. సెఫ్టాజిడిమ్ లాంటి ఇంజెక్షన్ రెండు వారాలైనా ఇచ్చి, ఆపైన నెలల తరబడి వేరే మాత్రలు వాడాలి. పొలం పని చేసేవాళ్లకు ఇలాంటి జబ్బు వచ్చినప్పుడు తోచిన మాత్ర వేసుకుని చూద్దామంటే, ఆ చూసే రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

మనకు చట్టం లేకపోలేదు. యాంటీబయాటిక్స్ షెడ్యూల్ హెచ్ కిందకి వస్తాయి, చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 కూడా అమల్లోకి వచ్చింది. సెఫిక్సిమ్, లీవోఫ్లోక్సాసిన్ లాంటివి అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అజిత్రోమైసిన్ మాత్రం హెచ్1లో లేదు. 2016లో మాత్రల షీటు మీద, చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీత గురించి కేంద్రం ప్రచారం మొదలుపెట్టింది. షీటును ముక్కలుగా కత్తిరించి అమ్మే చోట ఆ గీత కొనేవాడి చేతికి వస్తుందో లేదో కూడా తెలియదు.

రెంటచింతలకు ఇంకో మాట ప్రత్యేకంగా చెప్పాలి. మొటిమల కోసం డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడే పిల్లలు ఎక్కువయ్యారు. ఆ మందు వేసుకున్నవారి చర్మం ఎండకు తేలిగ్గా కమిలిపోతుంది. వేసవిలో రాష్ట్రం మొత్తంలో ఎండల లెక్కల్లో ముందుండే ఊరు ఇది. చాలా మందుల మీద 30 డిగ్రీలకు మించని చోట ఉంచాలని రాసి ఉంటుంది. ఏసీ లేని షాపులో, రేకుల ఇంట్లో, బైకు డిక్కీలో మే నెలంతా ఉన్న మాత్రలో ఎంత సత్తా మిగులుతుందో ఆలోచించండి.

అయినా కుర్రాళ్లు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లరంటే, వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు, ఫీజు, పరీక్షలు. మిరప కోతల కాలంలో ఆ రోజు విలువ ఎంతో ఆ ఇంటికే తెలుసు. అందుకే ఊళ్లో ఆర్ఎంపీ, లేదంటే మందుల షాపు. 2023 ఏప్రిల్ 6న రాష్ట్ర ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని మొదలుపెట్టింది ఈ జిల్లాలోనే, చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో. డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది అందులోని ఏర్పాటు. ఆ రెండు రోజులు చూసుకుని జ్వరం రాదు.

ఎరువుల షాపును కూడా వదిలిపెట్టకూడదు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడి ప్యాకెట్లు ఏళ్ల తరబడి పంటల తెగుళ్లకు కొడుతున్నారు. మొదటిది క్షయకు వాడిన మందు. రెండోది మనకు మరీ దగ్గరిది. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లే ప్రయోగశాలలో బయటపడి 1948లో లోకానికి తెలిసింది. ఆయన తన సోదరులను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నారు. ఆ వ్యాధికి తర్వాతి కాలంలో వైద్యంగా నిలిచినవి ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అలాంటి మందును స్ప్రే ట్యాంకులో కలిపి చేలకు కొట్టడం చూస్తే బాధేస్తుంది. ఈ మందులను పంటల మీద ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా తెచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం, 2023లో ప్రయోగశాలలో నిర్ధారణ అయిన బాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఆరింట ఒకటి మందుకు లొంగలేదు. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో అది మూడింట ఒకటి. 2024 జనవరిలో కేరళ ఆపరేషన్ అమృత్ పేరుతో మందుల షాపుల్లో ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. యాంటీబయాటిక్ నిరోధకతపై ఆంధ్రప్రదేశ్‌కు కూడా 2022 నుంచి సొంత కార్యాచరణ ప్రణాళిక ఉంది. పల్నాడులో అది కనపడాల్సింది మూడు చోట్ల. విలేజ్ క్లినిక్‌లోని నర్సుకు జ్వరం రోగి రక్తాన్ని మందు వేయకముందే కల్చర్‌కు పంపే వీలుండాలి. హాస్టళ్లలో బాత్‌రూములు బాగుపడాలి. హెచ్1 రిజిస్టరును డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నెలనెలా తిరగేయాలి, అందులో అజిత్రోమైసిన్ కూడా చేరాలి. మందుల షాపు కౌంటరు అవతల కూర్చునేది కూడా మన ఊరి మనిషే, "చీటీ తెచ్చుకోరా" అని చెప్పగలిగేది ఆయనే. అలా చెప్పినందుకు గిరాకీ పక్క షాపుకు పోకూడదంటే, పక్క షాపులోనూ అదే మాట వినపడాలి.