మన సంఘపు కంప్యూటరుకు క్రొత్త విండోసు కావలెనా?

నస్పూరు ప్రాంతపు కర్షక సోదరులలో ఇటీవల నొక ప్రశ్న బయలుదేరినది. సంఘ కార్యాలయములోని కంప్యూటరు చక్కగానే పనిచేయుచున్నది, రశీదు వచ్చుచున్నది, బాకీ ఎంతయని యడిగిన చెప్పుచున్నది. అట్టిదానిని మార్చుటకు సంఘపు సొమ్ము వెచ్చింపవలెనా యని కొందరు, చేసినవారే విడిచిపెట్టినదానిని మనము పట్టుకొని వ్రేలాడుట యేల యని మరికొందరు వాదించుచున్నారు. ఇది గుమాస్తాలకును మరమ్మతువారికిని చెందిన సంగతి, మనకేల యని యూరకుండువారే హెచ్చు. ఆ మూడవ తెగవారి కొరకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఏలయన, ఆ పెట్టెలో నున్నవి గుమాస్తాల లెక్కలు కావు, మన లెక్కలు.

కంప్యూటరనునది వట్టి పెట్టె. దానిచేత పని చేయించు మూల సాఫ్టువేరునకు ఆపరేటింగు సిస్టమని పేరు. మన వంటి కార్యాలయములలో హెచ్చుగా నున్నది మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోసు. అందు 10వది 2015 జూలైలో వెలువడినది. 11వది 2021 అక్టోబరులో వచ్చినది. 2025 అక్టోబరు 14తో పదవ విండోసునకు చేయుచుండిన ఉచిత సంరక్షణను కంపెనీవారు ముగించిరి. ముగించిరనగా యంత్రము ఆనాడే ఆగిపోయినదని కాదు. మరునాడును అది యథాప్రకారము వెలిగినది. అందువలననే మనలో పలువురకు దీనిలోని ప్రమాదము తోచుటలేదు.

పొలము గట్టు సంగతి మనకు తెలియనిది కాదు. ఎంత గట్టిగా పోసిన గట్టుకైనను ఎలుకలు బొరియలు చేయును. నీరుకట్టువాడు దినదినము తిరిగి, బొరియ కనబడినచోట మట్టి వేసి త్రొక్కును. విండోసును చేసిన కంపెనీవారును ఇట్లే నెలకొకమారు, రెండవ మంగళవారమునాడు, తమ సాఫ్టువేరులో బయటపడిన బొరియలను పూడ్చు మరమ్మతులను పంపుచుందురు. పదవ విండోసు గట్టుమీద నీరుకట్టువాడు తిరుగుట మానినాడు. ఎలుకలు మాత్రము మానలేదు. ఇంతకంటె విషమమైన సంగతి యింకొకటి కలదు. పదియు పదునొకండును ఒకే వంశమువి గనుక, క్రొత్తదానిలో ఫలానిచోట బొరియ పూడ్చితిమని కంపెనీవారు ప్రకటించినపుడెల్ల, పాతదానిలోను అచ్చటనే బొరియ యుండవచ్చునని దొంగలకు తెలిసిపోవుచున్నది.

ఇది వట్టి బెదరింపు కాదు. 2017 మే 12న వానాక్రై అను వైరసు నూటయేబదికి పైగా దేశములలో లక్షలకొలది కంప్యూటర్లను పట్టి, ఫైళ్ళకు తాళము వేసి, విడుదలకు సొమ్ము కోరినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని నిలిచినది. మన ప్రక్కనున్న ఆంధ్రప్రదేశములోనే కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని వాత బడినవి. ఆ బొరియకు మరమ్మతు అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న, వెలువడియుండెను. మరమ్మతు వేసికొనినవారు బ్రతికిరి. పనిచేయుచున్నది గదా యని యూరకున్నవారును, మరమ్మతులు రాని పాత సరకు వాడుచుండినవారును చిక్కిరి. మన సహకార రంగము మాట కూడ చెప్పవలెను. 2024 జూలై చివర, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించు నొక కంపెనీపై నిట్టి దాడియే జరుగగా, సహకార బ్యాంకులును గ్రామీణ బ్యాంకులును కలిసి సుమారు మూడు వందల బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికముగ నిలిచిపోయినవి. ఖాతాదారులు చేసిన తప్పేమియు లేదు.

అట్లైన నేడే మార్చివేయుద మందురా? తొందరపడి మార్చినవారి కథయు నొకటి కలదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సాఫ్టువేరు కంపెనీవారు తప్పుగ తయారైన యొక మార్పును ప్రపంచమునందలి తమ ఖాతాదారు లందరకు ఒక్కమారే పంపిరి. 85 లక్షల విండోసు యంత్రములు నీలి తెర చూపి కూలబడినవి. శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చేతితో వ్రాసిన చీటీలిచ్చి విమాన మెక్కించిరి. ఇచ్చట మాన్పకపోవుట వలన గాక, మందు వలననే రోగము వచ్చినది. ఆ మందును మొదట పది యంత్రములకు వేసి చూచియున్న తక్కినవి నిలిచియుండెడివి. క్రొత్త విత్తనము వచ్చిన యేడు పదెకరములును దానితోనే నింపు రైతు మనలో నెవడు? ఒక మడిలో వేసి చూచును.

నా యభిప్రాయము దాచక చెప్పెదను. మార్చవలెను. కాని ఇప్పుడే కాదు, ఒక్కమారు కాదు, సభ్యుల కన్నులయెదుట గాక కాదు.

మొదట ఖర్చు మాట. పదునొకండవ విండోసు ప్రతి యంత్రముపైన నడువదు. టీపీఎం 2.0 అను భద్రతా చిప్పును, 4 జీబీ మెమొరీయు, 64 జీబీ నిల్వచోటును, ఇంటెల్ వారి ప్రాసెసరైనచో సాధారణముగ 8వ తరమో అంతకు పైదియో కావలెను. అనగా 2017కు పూర్వము కొనిన యంత్రములు చాలవరకు పనికిరావు. పీసీ హెల్త్ చెక్ అను ఉచిత సాధనము మైక్రోసాఫ్టువారే యిచ్చుచున్నారు. దానిని నడిపిన ఏ యంత్రము తగునో ఏది తగదో అయిదు నిమిషములలో తేలును. తగిన యంత్రమునకు మార్పు ఉచితము. కావున ఆ పరీక్ష చేయింపకముందే క్రొత్త కంప్యూటర్ల కొనుగోలు మాట యెత్తువారిని నమ్మకుడు.

తగని యంత్రముల మాట యేమి? కంపెనీవారు సంస్థలకు మూడేండ్ల వరకు రుసుముపై మరమ్మతు లిత్తుమనిరి. మొదటి యేటికి యంత్రమునకు 61 డాలర్లు, మన రూపాయలలో అయిదు వేలకు పైమాట. రెండవ యేడు రెట్టింపు, మూడవ యేడు మరల రెట్టింపు. రెండవ యేట మేలుకొనినవాడు మొదటి యేటి బాకీ కూడ కట్టవలెను. పాత అప్పునకు చక్రవడ్డీ కట్టిన అనుభవము గలవారికి ఈ లెక్క విశదమే. ఒక్క సంవత్సరపు గడువు కొరకైన సమ్మతింపవచ్చునుగాని, మూడేండ్లు కట్టుట తెలివి కాదు.

మరియొక త్రోవ కలదు. దానిని మనవారు తగినంతగ నెంచుటలేదని నా బాధ. లినక్సు అను ఆపరేటింగు సిస్టము ఉచితముగ లభించును; పాత యంత్రములపై గూడ నడచును; దానికి మరమ్మతులు వచ్చుచునే యున్నవి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు ఆరంభింపగా, లోకమున వేలమంది కలిసి పెంచినది. ఒకరి శ్రమ పదిమందికి, పదిమంది శ్రమ ఒకరికి అను మన సహకార సూత్రము నచ్చట ప్రత్యక్షముగ చూడవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్లుగా దీనితోనే నడచుచున్నవి. కేంద్ర ప్రభుత్వపు సీడాక్ సంస్థవారు బాస్ అను పేర నొకటి రూపొందించిరి. హైదరాబాదు నందలి స్వేచ్ఛ అను సంస్థవారు దీనికి తెలుగు తొడుగు వేసిరి.

అయినను దీనిని గ్రుడ్డిగా పొగడను. వేలిముద్రల యంత్రము, పాసుబుక్కు ముద్రించు ప్రింటరు, డిజిటలు సంతకపు టోకెను, ఇవి లినక్సులో పనిచేయునో లేదో ఒక్కొక్కటి కలిపి చూచిన గాని తెలియదు. ఉత్తరములు, నోటీసులు తయారు చేయు యంత్రమునకు లినక్సు చాలును. వేలిముద్రలు తీసికొను యంత్రమునకు విండోసే యుంచుట మేలు.

దొంగ తాళపుచెవితో పదునొకండవ విండోసు వేసి యిత్తుమనువారు బజారున దొరకుదురు. తగని యంత్రముపై ఉపాయముతో నెక్కించిన దానికి మరమ్మతులు వచ్చునని కంపెనీవారు హామీ ఇయ్యరు. క్రాకు అను దొంగ సాఫ్టువేరులో నేమి దాగియున్నదో వేసినవానికే తెలియదు.

తెలుగు అక్షరముల చిక్కు ప్రత్యేకముగ చెప్పదగినది. మన కార్యాలయములలో ఏండ్లతరబడి తీర్మానములు, నోటీసులు అను లిపులలో టైపు చేయబడినవి. అవి యూనికోడు కావు. ఆ లిపి లేని యంత్రములో తెరచినచో తీర్మానము పోయి పిచ్చి గుర్తులు కనబడును. కావున మార్పునకు ముందే ముఖ్యమైన పాత తీర్మానముల నన్నిటిని కాగితముపై ముద్రించి, పీడీఎఫ్‌గా దాచి, పిదప యూనికోడునకు మార్పించవలెను. ఈ పని యెవ్వరును జ్ఞాపకముంచుకొనరు. పదేండ్ల తరువాత భూమి తగాదాలో పాత తీర్మానము కావలసివచ్చినపుడు జ్ఞాపకము వచ్చును.

ఇక మన సొమ్ము మాట. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. అందలి ఉమ్మడి సాఫ్టువేరులో నెక్కిన లెక్కలు బల్లమీది యంత్రములో నుండవు. దూరముననున్న సర్వరులో నుండును. మన యంత్రము దానికి తలుపు మాత్రమే. తలుపు మార్చినంత మాత్రమున గరిసెలోని వడ్లు పోవు. కాని తలుపు గొళ్ళెము చెడినచో దొంగ గరిసెలోనికే పోవును. ఇదిగాక, వాటాధనపు పట్టికలు, స్కాను చేసిన పాసుపుస్తకములు, పూర్వపు లెక్కలు పాత యంత్రములోనే పడియుండుట కలదు. వానికి వేరుగా రెండు నకళ్ళు తీసి, అందొకటి కార్యాలయము వెలుపల భద్రపరచవలెను.

లెక్కలో నొక్క అక్షరము తప్పినచో నేమగునో మనకు 2024లో తెలిసినది. ఆ యేడు జూలై 18, 30, ఆగస్టు 15 తేదీలలో మూడు విడతలుగ 2 లక్షల రూపాయల వరకు పంట ఋణముల మాఫీ జరిగినపుడు, ఆధారులో నొక తీరుగను బ్యాంకు ఖాతాలో నొక తీరుగను పేరున్న రైతులు కార్యాలయముల చుట్టు తిరిగిరి. అది ఆపరేటింగు సిస్టము దోషము కాదు. కాని యంత్రము మార్చు వేళ, ఒకచోటినుండి మరియొకచోటికి పట్టికలు పోవు వేళ, ఇట్టి తప్పులు క్రొత్తగ పుట్టుటకును, పాతవి స్థిరపడుటకును అవకాశము హెచ్చు. చిట్టా ఆవర్జాలు చేతివ్రాతలో నున్న దినములలో తప్పు వ్రాసిన గుమాస్తా సిరాయే సాక్ష్యము చెప్పెడిది. కంప్యూటరులో తప్పునకు దస్తూరి యుండదు.

అందువలన కాలము చూచుకొనవలెను. వానకాలపు వడ్లు కాంటాకు వచ్చు నవంబరు, డిసెంబరులలో మార్పు చేయుట అవివేకము. యూరియా కొరకు మనము వరుస కట్టు జూలై మొదలు సెప్టెంబరు వరకు అంతకంటె అవివేకము; 2025 వానకాలములో సంఘముల ముందు ఎండలో వానలో నిలబడినవారి కీ మాట వేరుగ చెప్పనక్కరలేదు. నా లెక్క ప్రకారము తగిన కాలమొక్కటే. మార్చి 31న సంవత్సరపు లెక్క ముగిసిన పిమ్మట, యాసంగి వడ్లు కల్లమునుండి కొనుగోలు కేంద్రమునకు రాకముందు, ఉగాది దరిదాపుల నున్న ఆ రెండు వారములు. లెక్క అప్పుడే తేలియుండును. నిల్వలు అప్పుడే ఖాయమై యుండును. మొదట ఒక్క యంత్రమును మార్చి, పాతదానిని ప్రక్కనే యుంచి, రెంటిలోను ఒకే పని పదునైదు దినములు చేసి చూచి, తేడా లేదని తెలిసిన పిదపనే తక్కినవానిని మార్చవలెను. విడిచిన యంత్రములోని డిస్కును తుడిపించక అమ్మరాదు.

ఇంత చేసినను దొంగకు తలుపు లోపలివారే తీసిన ప్రయోజనము లేదు. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార అర్బన్ బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా దోచుకొనిరి. ఉద్యోగులు తెరచిన మోసపు ఈమెయిళ్ళ ద్వారముననే దొంగలు లోపల ప్రవేశించిరని పోలీసు విచారణలో తేలినది. కావున క్రొత్త విండోసుకు పెట్టు ఖర్చులో కొంత, దానిముందు కూర్చుండువారికి రెండు దినముల శిక్షణకై పెట్టుట న్యాయము. ఆ మాట ఏ అంచనాలోను వ్రాయుట నేను చూడలేదు.

వచ్చు మహాజన సభలో నేనొక తీర్మానము ప్రతిపాదింపదలచితిని. యంత్రము మార్చుటకు ముందొకమారు, మార్చిన పిదప నొకమారు, ప్రతి సభ్యునికి వాని వాటాధనము, అప్పు, డిపాజిటు నిల్వలు ముద్రించిన చీటీ ఇయ్యవలెను. రెండు చీటీలును సరిపోయినవని సభ్యుడు చేవ్రాలు చేయువరకు పాత యంత్రమును తుడువరాదు. చదువురాని సభ్యులకు కార్యదర్శిగారే చదివి వినిపింపవలెను. కాగితపు ఖర్చు సభ్యునికి ఒకటి రెండు రూపాయలకు మించదు. తీర్మానమును బలపరచుట కొకరు కావలెను. ఇష్టమున్న సోదరులు సభకు ముందుగ నాకు కబురు పంప గోరెదను.