పేరు చేసిన అపకారం

ఒక ఔషధానికి పెట్టిన పేరు దాని ప్రయోజనాన్ని కప్పివేయడం అరుదు కాదు. కాని ఆ పేరు రోగికి దోషం అంటగట్టడం గర్భనిరోధక మాత్ర విషయంలోనే కనిపిస్తుంది. నెలనెలా దుర్భరమైన నొప్పితో మంచం పట్టే అవివాహిత యువతికి వైద్యురాలు ఆ మాత్ర వ్రాసి ఇస్తే, ఇంట్లో ముందుగా విచారణకు వచ్చేది ఆమె శీలం. ఆమె బాధ కాదు.

చరిత్ర ఈ అపోహను సమర్థించదు. అమెరికాలో ఈనోవిడ్ అనే మాత్రకు 1957లో అనుమతి లభించింది ఋతు సంబంధమైన రుగ్మతల చికిత్సకు. గర్భనిరోధానికి అనుమతి 1960లో గాని రాలేదు. మన దేశంలో ఈ వరుస తలక్రిందులయింది. 1952లో ఆరంభమైన కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో భాగంగానే, తరువాతి కాలంలో, మాలా-డి, మాలా-ఎన్ అనే పేర్లతో మాత్ర పల్లెలకు చేరింది. ఎర్ర త్రికోణం గుర్తు క్రింద వచ్చిన వస్తువును జనం దంపతుల సొత్తుగానే ఎరుగుదురు. అందులో ఔషధగుణం ఉన్నదని చెప్పినవారు తక్కువ.

ఆ గుణంలో రహస్యమేమీ లేదు. ఋతుసమయంలో గర్భాశయపు లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుడతాయి. అవి అధికమైతే కండరం బిగుసుకొంటుంది, రక్తప్రసారం తగ్గుతుంది, శూల కలుగుతుంది. మాత్రలోని హార్మోన్లు అండం విడుదలను ఆపి, ఆ పొరను పలుచన చేస్తాయి. ఆ పదార్థాలు తగ్గుతాయి. వాటితో నొప్పీ తగ్గుతుంది. ఈ క్రియలో వివాహితకూ అవివాహితకూ భేదం లేదు.

“పెళ్ళయితే అదే సర్దుకుంటుంది” అని తెలుగు ఇళ్ళలో అంటారు. “శాదీ కే బాద్ ఠీక్ హో జాయేగా” అని హిందీ ఇళ్ళలో అంటారు. భాష మారినా నిర్లక్ష్యం మారలేదు. దీనిని సంప్రదాయమనడం సంప్రదాయానికే అపచారం. చరక సంహిత ఇరవై యోనివ్యాపత్తులలో ఉదావర్తినిని చేర్చి, స్రావం వెడలగానే ఉపశమించే ఆ బాధను చికిత్స చేయదగిన వ్యాధిగా పరిగణించింది. ప్రాచీనులు వ్యాధి అన్నదానిని మనం ఆడజన్మ అన్నాము. “బయట చేరింది” అనే మాట ఆమె ఎక్కడ కూర్చోవాలో చెప్పింది గాని, ఎంత బాధపడుతున్నదో చెప్పలేదు.

మాత్రవల్ల ప్రమాదాలున్నవి గదా అని ఆక్షేపించేవారున్నారు. ఉన్నవి. రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే అవకాశం కొందరిలో పెరుగుతుంది. కళ్ళముందు మెరుపులతో వచ్చే పార్శ్వపు తలనొప్పి గలవారికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర తగదు. ఎండోమెట్రియోసిస్ వంటి వ్యాధిని గుర్తించకుండా నొప్పిని మాత్రమే అణచిపెట్టడమూ తగదు. నొప్పినివారిణితోనే ఉపశమించేవారికి ఇది అవసరమే లేకపోవచ్చు. కనుకనే పరీక్ష కావాలి, వైద్యసలహా కావాలి. అయితే ఈ ఆక్షేపకులు మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే నొప్పిబిళ్ళల విషయంలో నోరు మెదపరు. వాటిలో ఒకటైన మెఫెనమిక్ ఆమ్లం కలిగించగల తీవ్రమైన ప్రతిచర్యను గురించి 2023లో భారత ఔషధకోశ సంఘమే హెచ్చరించింది. అప్పుడూ ఇళ్ళలో పంచాయితీలు జరగలేదు. వారి భయం మందును చూసి కాదు, దాని పేరును చూసి.

వైద్యులు చీటీ వ్రాసి ఊరుకోక, ఎందుకు వ్రాశారో తల్లికీ కూతురికీ వివరించాలి. ఆరోగ్య కేంద్రాలు మాత్రను పంచేటప్పుడు దాని చికిత్సాప్రయోజనాన్నీ చెప్పాలి. పాఠశాలలు ఋతుశుభ్రతతోపాటు ఋతువేదననూ బోధించాలి. తల్లిదండ్రులు అడుగవలసిన మొదటి ప్రశ్న “ఈ మాత్ర ఎందుకు?” అన్నది కాదు, “నొప్పి ఎంత ఉన్నది?” అన్నది.